తూకం

గ్రిమ్స్‌బీ. సోమవారం, తెల్లవారుజాము మూడు.
రేవు గాలి కిటికీ సందులోంచి దూరి
ఉప్పూ డీజిలూ కలిపి మొహాన కొడుతోంది.
ఫోన్లో కీత్:
"వకుళా, పద్దు చచ్చిపోయింది."

పద్దంటే చేపల వేలం పద్దు.
ఏ పడవది ఏ పెట్టె, ఎన్ని కిలోల హాడక్,
ఎవరు ఎంతకు పాడారు,
పదకొండేళ్ళ లెక్క ఒళ్ళో పెట్టుకు కూర్చున్న డేటాబేస్.
ఏడింటికి గంట కొడతారు.
ఈలోగా దాన్ని లేపాలి.

లాగ్ తెరిచాను.
కెర్నల్ రాసిపెట్టిన వాక్యం,
పంచనామా అంత పొడిగా:
మెమరీ అయిపోయింది. ఒకరిని చంపాను.

దానికి కోపం ఉండదు. తప్పెవరిదని అడగదు.
ఊపిరాడనప్పుడు అందరినీ తక్కెడలో పెట్టి
ఎవరు బరువుంటే వాళ్ళ మెడ కోస్తుంది.
ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు
అని మా మేనత్త అంటుంటే
మంగలం ఏం చేసిందో నాకు అర్థమయ్యేది కాదు.
ఏమీ చెయ్యలేదు. లావుగా ఉంది, అంతే.

లేపాను. లేచింది.
తొమ్మిది నిమిషాలకు మళ్ళీ పడింది.

మరి తిన్నదెవరు?
బరువుల వరసలో చూస్తే అందరూ మర్యాదస్తులే.
పేర్ల వరసలో తిప్పాను.
అప్పుడు కనబడింది
ఒకే పేరు, ఒకే పేరు, ఒకే పేరు,
వేలు కిందికి జరిపేకొద్దీ తరగని ఒకే పేరు.

నాలుగో చలిగదిలో ఎన్ని డిగ్రీలుందో కనుక్కు రమ్మని
నిమిషానికొకటి పుట్టే బుల్లి పని.
వెళ్తుంది, అడుగుతుంది, అంకె రాస్తుంది, పోతుంది.
పోవాలి.
శుక్రవారం సాయంత్రం ఆరు నుంచి ఏదీ పోలేదు.
థర్మామీటర్ పలకలేదు.
మొదటిది తలుపు దగ్గర నిలబడింది.
నిమిషం తర్వాత రెండోది వచ్చి దాని వెనక.
యాభై ఏడు గంటలు.
మూడువేల నాలుగువందల ఇరవై.
ఒక్కటీ అరవలేదు, ఒక్కటీ తోసుకోలేదు.
ఎవరి చేతిలో చూసినా పిడికెడే.
తిలాపాపం.

ఆ బుల్లి పని రాసింది నేనే.
మూడేళ్ళ కిందట, ఒక మధ్యాహ్నం, శాండ్‌విచ్ తింటూ.
వెళ్ళి అడగమని రాశాను.
జవాబు రాకపోతే ఏం చెయ్యాలో రాయలేదు.

ముందు పుట్టుక ఆపాలి, ఆ తర్వాతే చావు.
గడియారం దగ్గరికెళ్ళి కొత్తవాటిని ఆపి
క్యూలో ఉన్నవాటికి ఒక్క మాట పంపాను:
చాలు, ఇక పోండి.
పోయాయి. ఒక్కటి కూడా ఎందుకని అడగలేదు.
తెరమీద ఎర్రగీత దిగిపోతోంది,
పోటు తీసిన హంబర్‌లా, బురద బయటపెట్టుకుంటూ.

కీత్ టార్చి పట్టుకుని చలిగదికి పోయాడు.
"తీగ మీంచి ఫోర్క్‌లిఫ్ట్ పోయింది. వెధవలు, నోరు విప్పలేదు."
చేపలో?
"చెయ్యి పెట్టి చూశా. మంచు కరగలేదు."
మూడువేల నాలుగువందల ఇరవై మంది కనుక్కోలేనిది
ఒక అరచెయ్యి కనుక్కుంది.

మళ్ళీ రాశాను:
ముప్పై సెకన్లు చూడు.
పలక్కపోతే, పలకలేదని రాసి వచ్చెయ్.
ముందువాడు ఇంకా లోపలే ఉంటే నువ్వు బయల్దేరకు.
ఇంకో చోట కెర్నల్‌కి:
ఈ పద్దు జోలికి రావద్దు.

టీ చల్లారి పైన పొర కట్టింది.
ఏడు. గంట మోగింది.
మొదటి పెట్టె కాటా ఎక్కింది, నలభై ఆరు కిలోలు.
పద్దు రాసుకుంది.

పద్దుని తక్కెడ దించాను, సరే.
దాని తర్వాత బరువైనది ఎవరో
ఇంకా చూడలేదు.
చూడాలి.